ఉప్పెనలో పోయినవాళ్లు

దివిసీమ మాటలో ఒక విభక్తి తేడా ఉంది. కొబ్బరిచెట్లు తుఫానుకి పడిపోయాయంటారు. పాక తుఫానుకి లేచిపోయింది, కరెంటు తుఫానుకి పోయింది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆ ‘కి’ కనిపించదు. ‘మా నాయన ఉప్పెనలో పోయాడు’, ‘మా చిన్నాన్నవాళ్లింట్లో నలుగురూ ఉప్పెనలోనే పోయారు’ అంటారు. తుఫాను ఒక కారణం. ఉప్పెన అలా కాదు, మనుషులు అందులోకి వెళ్లి తిరిగిరాని చోటు. ఒక ఊరి పేరుకి చేర్చినట్టే దానికి ‘లో’ చేర్చి చెబుతారు. ఈ వాడుకను ఏ వ్యాకరణమూ వాళ్లకు నేర్పలేదు. చూసినదాన్ని చూసినట్టు చెప్పబోతే విభక్తి దానంతటదే అలా కుదిరింది.

వాళ్లు చూసింది 1977 నవంబరు 19, శనివారంనాడు. తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. సముద్రం దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచి దివిసీమ మీద పడింది. కృష్ణమ్మ పులిగడ్డ దగ్గర రెండు పాయలై కడలి వైపు సాగుతుంది, ఆ పాయల మధ్య చిక్కిన నేల అది. దివి అంటే దీవే, స్వర్గంతో దానికి చుట్టరికం లేదు. హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది, నాగాయలంక, కోడూరు చుట్టుపక్కల ఊళ్ల మీదుగా ఉప్పునీరు 10 కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చేసింది. సర్కారు లెక్కలోనే చనిపోయినవాళ్లు 10 వేల దరిదాపు. ఊళ్లో బతికినవాళ్లు ఆ లెక్కను ఎన్నడూ ఒప్పుకోలేదు. వలస కూలీలకూ, వేటకు వెళ్లినవాళ్లకూ లెక్క ఎవరు కట్టారని అడుగుతారు.

నీరు ముంచే తీరులు తెలుగుకు చాలా తెలుసు. వరద, వెల్లువ, ముంపు, ఏరు పొంగడం, గండి పడటం, ఒక్కోదానికి ఒక్కో మాట. ఉప్పెనను వీటిలో కలిపితే దాని స్వభావం తెలియదు. వరద ఎగువనుంచి దిగువకి వస్తుంది. అది ఎటునుంచి వస్తుందో, ఏ మిట్టెక్కితే తప్పించుకోవచ్చో నది ఒడ్డున పుట్టినవాడికి పుట్టుకతోనే తెలుసు. ఉప్పెన దిగువనుంచి ఎగువకి వస్తుంది. మురుగుకాలవలు వెనక్కి పారతాయి. ఇన్నేళ్లుగా పొలంలో నీటిని సముద్రంలోకి దించిన కాలవే ఇప్పుడు సముద్రాన్ని పొలంలోకి తెస్తుంది. పారిపోయే మనిషికి ఏది ముందో ఏది వెనకో తెలియదు. ఆ రోజు తాటిచెట్లనూ, తుమ్మకొమ్మలనూ పట్టుకుని బతికినవాళ్లు ఉన్నారు. చీర చెంగుతో పిల్లల్ని చెట్టుకు కట్టుకున్న తల్లులు ఉన్నారు. తుమ్మముళ్లు ఒళ్లంతా చీరేసినా పట్టు వదల్లేదని, ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయని చెప్పే చేతులు ఆ ఊళ్లలో కనిపిస్తాయి.

వెళ్లిపోయాక ఇవి మిగిల్చేవి కూడా వేరు. వరద ఒండ్రు పెట్టి పోతుంది. ఇల్లు కూలినా మరుసటేడు పంట బాగుంటుందని రైతు ఒక మాట అనుకోగలడు. ఉప్పెన చౌడు పెట్టి పోతుంది. ‘ఉప్పెన’ అన్నప్పుడు తెలుగు చెవికి ముందు తగిలేది ఉప్పే. ఉబ్బు, ఉప్పొంగు అన్న మాటలూ పక్కనే మెదులుతాయి. ఆ మాట పుట్టుక ఎటువైపుదైనా, వాడేవాళ్ల మనసులో రెండూ కలిసే ఉంటాయి, పొంగడమూ ఉప్పూ. సార్వా వరి కోతకొచ్చిన రోజుల్లో వచ్చిన ఆ నీరు పంటను పడగొట్టి ఊరుకోలేదు. మడిలో నిలిచి ఇంకి, నేల మీద తెల్లగా పేలింది. తాగే బావులు ఉప్పుబావులయ్యాయి. మంచినీటి చెరువుల్లో నీళ్లు నోట పెట్టలేకపోయారు. అలాంటి నేలను దారికి తేవాలంటే కాలవ నీరు పెట్టాలి, ఉప్పును కరగనిచ్చి మురుగులోకి దించాలి, మళ్లీ పెట్టాలి. జిప్సం చల్లాలి. జీలుగ వేసి పూతకి రాకముందే కలియదున్నాలి. ఒక్క వరసతో తేలే పని కాదు. మనుషుల్ని పోగొట్టుకున్న ఇంట్లో మిగిలినవాడు ముందు చేపట్టిన పని చాలాచోట్ల ఇదే, నేలలోంచి ఉప్పు కడగడం. ఈ పనికి ఎవరూ శిలాఫలకం వేయరు గాని, దివిసీమ మళ్లీ నిలబడిందంటే సగం ఆ కడుగుడు వల్లే.

మరో సంగతి. ఉప్పునీరు తాకని చెట్లకు కూడా ఉప్పుగాలి తాకితే ఆకులు మాడిపోతాయి. నిప్పు తగిలినట్టే అంచులు ఎండి ఎర్రబారతాయి. నీళ్లలో మునిగిన సీమలో చెట్లు కాలినట్టు కనిపిస్తాయి. సముద్రం అడుగున బడబాగ్ని ఉందని, అది నీటిని తాగుతూ కడలిని కట్టలో ఉంచుతుందని మన పెద్దలు పురాణం చెప్పేవారు. నీటికీ నిప్పుకీ మన ఊహలో ఎప్పటినుంచో పొత్తు ఉంది. నిప్పులో ఉప్పెనతో తూగే మాట కార్చిచ్చు. కారడవిలోని కారే అందులోనూ ఉంది, దానికి చిచ్చు చేరింది. పొయ్యిలో నిప్పు, భోగిమంట, కొంప అంటుకోవడం, ఇవేవీ కార్చిచ్చు కావు. మనిషి చేతిలోంచి జారిపోయి తనంతట తాను నడిచే మంట అది. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ తగలబడినప్పుడు తెలుగు పత్రికలు కార్చిచ్చు అనే రాశాయి. కావ్యాలకు పరిమితమైపోతుందనుకున్న మాట పతాకశీర్షిక ఎక్కింది. ఉప్పెనకు ఆ భాగ్యం లేదు. ఎందుకు లేదన్నదే నా బాధ.

మనకు సముద్రం వైపునుంచి వచ్చే ఆపదకు రోజూ వాడే పేరు తుఫాను. అది అరబ్బీ, ఫారసీల మీదుగా వచ్చింది. అరబ్బీలో తుఫాను అంటే జలప్రళయం, ఖురానులో నోవహు కాలపు ప్రళయానికి అదే మాట. అంటే బయల్దేరినప్పుడు నీటి పేరు. మన తీరం చేరేసరికి గాలి పేరయింది. దానికి ముందునుంచీ మనకున్న గాలివాన కూడా రెండింటినే చెబుతుంది, గాలినీ వాననీ. సముద్రం అందులో లేదు. పాలగుమ్మి పద్మరాజు కథ ‘గాలివాన’ 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకుంది. ఆ పేరు ఆ కథకు సరిగ్గా సరిపోయింది, అందులో ఉన్నవి గాలీ వానే. వాయుగుండంలోనూ వాయువే ఉంది. సుడిగుండం, అగ్నిగుండం వరసలో వాతావరణ శాఖవాళ్లకు దొరికిన చక్కని మాట అది. వార్తల నిచ్చెన చూడండి: అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను, తీవ్ర తుఫాను, అతితీవ్ర తుఫాను, పెనుతుఫాను. గంటకు 62 కిలోమీటర్ల గాలి వీస్తే తుఫాను మెట్టు, 222 దాటితే పైమెట్టు. మొత్తం గాలి నిచ్చెనే. రేవులో ఎగరేసే ఒకటో నంబరు, మూడో నంబరు, పదో నంబరు ప్రమాద సూచికలు కూడా ఓడలకు గాలి సంగతి చెప్పడానికి పుట్టినవే. ఈ నిచ్చెనలో ఉప్పెనకు మెట్టు లేదు.

గాలికి పేరు పెట్టినవాళ్లకు నీటి సంగతి తెలియక కాదు. సైక్లోన్ అన్న మాట మన బంగాళాఖాతం ఒడ్డునే పుట్టింది. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ తుఫానుల గాలి పాముచుట్టలా తిరుగుతుందని ఓడల లాగ్‌బుక్కుల్లోంచి తేల్చి, గ్రీకు మాట ఆధారంగా ఆ పేరు కట్టాడు. 1848లో నావికుల కోసం వేసిన పుస్తకంతో అది లోకమంతా పాకింది. ఆయనే 1853లో మాట్లా నది మీద కొత్త రేవు కట్టొద్దని, తుఫానునాడు సముద్రం దాన్ని ముంచేస్తుందని గవర్నర్ జనరల్‌కు రాశాడు. వినలేదు. ఆయన పోయిన తొమ్మిదేళ్లకు, 1867లో, ఆ రేవు అలాగే దెబ్బతింది. ఆయన కట్టిన మాట అందరికీ చేరింది, ఆయన చేసిన హెచ్చరిక చేరలేదు.

మన తీరం చరిత్ర తిరగేస్తే నీరే కనిపిస్తుంది. 1789లో కోరంగి మీదికి ఒకదాని వెంట ఒకటిగా మూడు పెద్ద కెరటాలు వచ్చాయని పాత రాతలు చెబుతాయి. 1839లో మళ్లీ కోరంగే. ఓడలు కట్టే పెద్ద రేవు, ఆ దెబ్బకు మళ్లీ లేవలేదు. ఈనాడు ఆ పేరు చెబితే మడ అడవులే గుర్తొస్తాయి. 1864 నవంబరు 1 రాత్రి బందరులో దాదాపు 30 వేల మంది పోయారు. ఇన్ని వేలమందినీ తీసుకెళ్లింది గాలి కాదు.

దివిసీమలో నన్ను ఎప్పుడూ ఆపేసే మాట ఇంకొకటి ఉంది. ‘తుఫాను అటు చీరాలలో పడింది, మాకు ఉప్పెనొచ్చింది’ అంటారు. వినడానికి వింతగా ఉంటుంది, లెక్కకు సరిగ్గా సరిపోతుంది. మన వైపు భూగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. తూర్పునుంచి పడమరకు వచ్చే తుఫానుకు కుడివైపు, అంటే ఉత్తరాన, గాలి సముద్రం మీదినుంచి నేల మీదికి తోస్తుంది. ఎడమవైపున నేల మీదినుంచి సముద్రంలోకి తోస్తుంది. కన్ను దాటిన చోటికి కుడిపక్కన ఉన్నవాడికే ఉప్పెన. కృష్ణా ముఖద్వారం దగ్గర సముద్రం చాలా దూరం లోతు తక్కువ. తోసుకొచ్చిన నీటికి కిందికి జారే చోటు లేక పైకి లేస్తుంది. దానికి పోటు సమయం తోడైతే ఆ ఎత్తు మీద ఈ ఎత్తు. కాబట్టి ‘తుఫాను ఫలానా చోట తీరం దాటుతుంది’ అన్న వార్త విని, అది మన ఊరు కాదులే అనుకున్నవాడు మోసపోతాడు. ఆ వార్తలో అబద్ధం లేదు. చెప్పాల్సిన మాట లేదు, అంతే.

ఈ కుడివైపు సంగతి 2024లో ఫ్లోరిడా తెలుగువాళ్లకు రెండు వారాల తేడాలో రెండుసార్లు ఎదురైంది. సెప్టెంబరు చివర హెలీన్ హరికేన్ వాళ్లకు చాలా ఉత్తరాన తీరం దాటింది. అయినా టాంపా చుట్టుపక్కల సముద్రం ఇళ్లలోకి వచ్చింది. అక్టోబరులో మిల్టన్ నేరుగా వాళ్ల మీదికే వస్తోందన్నారు. దివి దగ్గరి మా పెద్దమ్మ మనవరాలు టాంపాలో ఉంటుంది. ఆ అమ్మాయి ఫోనులో కేటగిరీలు చెబుతోంది. పెద్దమ్మకు ఆ లెక్క పట్టలేదు.

‘అది సరేగానీ, మీ ఇంటికి సముద్రం ఎంత దూరమే?’

‘దగ్గరే అమ్మమ్మా, పావుగంట.’

‘ఉప్పెనొస్తుందన్నారా, ఉట్టి గాలేనన్నారా? గాలైతే లోపల కూచోండి. ఉప్పెనన్నారంటే సామానూ గీమానూ చూడొద్దు, ఇప్పుడే బయల్దేరండి.’

ఆమె బడికి వెళ్లిన మనిషి కాదు. అక్కడి అధికారులు ప్రజలకు చెప్పేదీ ఇదే: నీరైతే ఊరొదలండి, గాలైతే గట్టి గోడల మధ్య ఉండండి. ఫ్లోరిడాలో ఖాళీ చేయించే జోన్లకు ఏ, బీ, సీ అని పెట్టిన అక్షరాలు ఉప్పెన లెక్క ప్రకారం పెట్టినవే. ఆ అమ్మాయివాళ్లు వెళ్లిపోయారు. మిల్టన్ కన్ను చివరికి టాంపాకు దక్షిణంగా దాటింది. అది పడమరనుంచి తూర్పుకు వచ్చింది కాబట్టి, కుడివైపున పడ్డ దక్షిణపు ఊళ్లకు ఉప్పెన వచ్చింది. టాంపా అఖాతంలో నీరు వెనక్కి లాక్కుపోయింది.

అమెరికావాళ్లకు కూడా ఈ విడదీత ఆలస్యంగానే పట్టింది. వాళ్ల హరికేన్ కేటగిరీలో గాలితోపాటు ఉప్పెన ఎత్తును కూడా ఇరికించి చాలాకాలం నడిపారు. 2008లో ఐక్ హరికేన్ గాలి లెక్కకు రెండో కేటగిరీయే, నీటి లెక్కకు అంతకు చాలా ఎక్కువ. 2010కల్లా ఆ రెంటినీ విడదీశారు. 2017నుంచి ఉప్పెనకు వేరే హెచ్చరిక ఇస్తున్నారు. 1900లో గాల్వెస్టన్‌లో వేలమందిని నీరే ముంచింది కదా, అంతకాలం పట్టింది. మనకు మాత్రం ఆ విడదీత భాషలోనే సిద్ధంగా ఉంది.

మాట లేకపోతే ఏమవుతుందో 2013 నవంబరు 8న ఫిలిప్పీన్స్‌లోని టక్లోబాన్ చూసింది. హైయాన్ తుఫాను వస్తోందని అందరికీ తెలుసు. గాలికి భయపడి గట్టి భవనాల్లో చేరారు. స్టార్మ్ సర్జ్, అంటే మన ఉప్పెనే, వస్తుందని హెచ్చరికలో స్పష్టంగానే చెప్పారు. ఆ మాట చాలామందికి అర్థం కాలేదు. సునామీ లాంటిదని చెప్పి ఉంటే పారిపోయేవాళ్లమని బతికినవాళ్లు తర్వాత పదేపదే అన్నారు. ఆ దేశంలో 6 వేల మందికి పైగా పోయారు, ఎక్కువమంది నీటివల్లే. తర్వాత అక్కడివాళ్లు తమ భాషలో దానికి దలుయోంగ్ అన్న మాటను పైకి తెచ్చుకున్నారు. అంత పోయాక తెచ్చుకున్నారు.

మన దగ్గర మాట ఉండీ పలచబడుతోంది. ఒక కారణం సునామీ. 2004 డిసెంబరు 26న గాలీ వానా లేని ఆదివారం ఉదయం సముద్రం లోపలికొచ్చాక, సముద్రం పొంగితే చాలు సునామీ అనడం అలవాటైంది. భూకంపం వల్ల వచ్చేదానికి ఆ మాట సరైనదే, అది వేరే జాతి. సునామీకి మబ్బు ముందు రాదు. ఉప్పెన రెండు రోజుల ముందే ఆకాశంలో కబురు పంపుతుంది. ఈ రెంటినీ ఒకే పేరుతో పిలిస్తే ఆ రెండు రోజుల వ్యవధి విలువ పోతుంది. ఇంకో కారణం మనమే. జన ఉప్పెన, అభిమానుల ఉప్పెన, ఓట్ల ఉప్పెన. 2021లో ఒక ప్రేమకథా చిత్రానికి ‘ఉప్పెన’ అని పేరు పెట్టారు, పాటలు ఊరూరా మోగాయి. ఈ వాడుకల్ని తప్పుపట్టను. భాషలో మాటలు అలాగే నడుస్తాయి, పొంగేదాన్ని దేన్నైనా పొంగేదానితో పోల్చడం సహజం. కానీ నాగాయలంకలో ఉప్పెన అన్న మాట విన్న పెద్దవాళ్ల ముఖం ఒక్కసారి చూసినవాడు ఊరేగింపు గురించి రాసేటప్పుడు ఆ మాటను తేలిగ్గా వాడలేడు.

అక్కడ ఉప్పెన కాలమానం కూడా. ‘ఉప్పెననాటికి వీడు కడుపులో ఉన్నాడు’, ‘ఉప్పెనకు ముందు కట్టిన ఇల్లు’, ‘ఉప్పెనైన మూడో ఏడు పెళ్లి’. పుట్టినతేదీ కాగితం లేని తరానికి వయసు తేల్చేది ఆ మాటే. తద్దినాల సంగతి మరీ కష్టం. ఇంటికొక తిథి ఉండాల్సిన చోట ఊరంతటికీ ఒకటే తిథి. ఏటా నవంబరు 19న స్మారకస్తూపాల దగ్గర పూలు పెడతారు. అవనిగడ్డ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు ఆ రోజుల్లో తిరిగిన తిరుగుడు గురించి చెప్పుకుంటారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలెపట్టి వీధుల్లో చందాలు పోగుచేసిన సంగతీ చెబుతారు. 1977 తుఫానుకు వాతావరణ శాఖ పేరు పెట్టలేదు, మన వైపు సముద్రంలో పేర్లు పెట్టే పద్ధతి 2004లో మొదలైంది. జనం దాన్ని దివిసీమ ఉప్పెన అన్నారు. 1996 నవంబరు 6న వచ్చినది కోనసీమ తుఫాను. అప్పుడూ సముద్రం తీరంలోని మత్స్యకారుల పల్లెల్ని ముంచింది, కానీ లక్షల కొబ్బరిచెట్లు కూలిన ఆ సీమకు గాలే గుర్తుండిపోయింది. 2014లో విశాఖకు వచ్చినది ఒమన్ ఇచ్చిన పిట్ట పేరుతో హుద్‌హుద్‌గానే మిగిలింది. ఏ సీమను ఏది కొట్టిందో ఆ పేర్లే చెబుతాయి.

1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గరే, 1977 నాటిదానికి తగ్గని తుఫాను మళ్లీ దాటింది. ఈసారి పోయినవాళ్లు వెయ్యికి లోపే. అది కూడా చిన్న సంఖ్య కాదు, అయినా పదివేలకూ దానికీ మధ్య ఉన్న తేడా బతికిన మనుషులు. మధ్యలో షెల్టర్లు లేచాయి, కరకట్ట లేచింది, రాడార్లు వచ్చాయి, లక్షన్నరమందికి పైగా జనాన్ని ముందే తరలించారు. తరలించడానికి వెళ్లిన బండి ఎక్కమంటే ఈసారి దివిలో ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయిందని పెద్దవాళ్లు చెబుతారు. ఉప్పెన అన్న మాట చాలింది.

ఆ తరం ఇప్పుడు వెళ్లిపోతోంది. 1977 తర్వాత పుట్టినవాళ్లే ఎక్కువ. వాళ్ల ఫోన్లకు వచ్చే సందేశంలో గాలివేగం కిలోమీటర్లలో ఉంటుంది, నీటి గురించి ‘అలల ఉద్ధృతి ఎక్కువగా ఉంటుంది, లోతట్టు ప్రాంతాలు జలమయం కావచ్చు’ అని ఉంటుంది. అల వస్తుంది, పోతుంది. ఉప్పెన వచ్చి నిలుస్తుంది, ఆ నిలిచిన నీటి మీద అలలు వేరే లేస్తాయి. జలమయం అన్న మాట హైదరాబాదులో గంట వానకు కూడా వాడతాం. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో ఏ ఊరికి ఎంత ఎత్తున నీరు రావచ్చో గంటల ముందు లెక్కకట్టే పని జరుగుతోంది. అంత నిక్కచ్చిగా కట్టిన లెక్క తీరానికి చేరేసరికి ‘ఉద్ధృతి’ అయిపోతోంది. ‘రేపు సాయంత్రం పోటు వేళకు నాగాయలంక, కోడూరు తీరాన మనిషెత్తు ఉప్పెన రావచ్చు, చీకటిపడకముందే షెల్టరుకు చేరండి’ అని రాయడానికి కొత్త సాంకేతికత ఏదీ అక్కర్లేదు. ఆ వాక్యాన్ని కలెక్టరాఫీసులో రాసేవాళ్లు, రేడియోలో చదివేవాళ్లు, మైకు పట్టుకుని ఆటోలో ఊరూరా తిరిగేవాళ్లు ఒక్కటే పలకాలి. వచ్చే అక్టోబరు, నవంబరు నెలలలోపే ఆ పని మొదలుకావాలి.